కివీ పండు – పోషక విలువలు

పైకి చూసినప్పుడు కివీ పండుకు అందమని చెప్పదగిన లక్షణమేదీ కనిపించదు. కోడిగుడ్డంత పరిమాణం, మట్టిరంగు తొక్క, దానిమీద సన్నని నూగు. అడ్డంగా కోసిన తరువాతనే దాని సొగసు బయటపడుతుంది. లోపల మరకతం వంటి పచ్చదనం, నడుమ తెల్లని గుజ్జు, దాని చుట్టూ సూర్యకిరణాలవలె అమరిన నల్లని చిరుగింజలు కంటికి ఇంపు గొలుపుతాయి. ఒక తరం క్రితం తెలుగునాట ఈ పండు పేరు విన్నవారే అరుదు. నేడు నగరాలలోనే గాక చిన్న పట్టణాల పండ్ల దుకాణాలలో కూడ యాపిల్ పక్కన కివీ చోటు సంపాదించుకొన్నది. పండుతోపాటు దానిని గురించిన ప్రశంసలు, కొన్ని అపోహలు కూడ మన ఇళ్ళలోకి ప్రవేశించినవి. వీటిలో ఏది ఎంతవరకు నిజమో తెలుసుకోవటం అవసరం. ఎందుకంటే ఇంట్లో ఒకరికి జ్వరం వచ్చినప్పుడు, చేతిలో ఉన్న కొద్దిపాటి డబ్బును దేనికి వెచ్చించాలన్న ప్రశ్నతో కూడ ఈ విషయానికి సంబంధం ఉన్నది.

ఈ పండు పేరు వినగానే న్యూజిలాండ్ దేశం గుర్తుకు వస్తుంది. కాని దీని పుట్టిల్లు చైనా. యాంగ్‌జీ నదీ పరీవాహక ప్రాంతపు కొండలలో ఈ తీగ సహజంగా పెరుగుతుంది. చైనీయులు దీనిని ‘మిహౌతావో’ అంటారు. కోతులు ఇష్టపడే పీచ్ పండు అని ఆ మాటకు స్థూలంగా అర్థం. న్యూజిలాండులోని వాంగనూయి పట్టణంలో బాలికల కళాశాలకు ప్రధానోపాధ్యాయినిగా ఉన్న ఇసబెల్ ఫ్రేజర్, చైనాలోని యీచాంగ్‌లో మతప్రచార సేవలో ఉన్న తన సోదరిని చూడటానికి వెళ్ళి, 1904లో తిరిగివస్తూ కొన్ని గింజలను వెంట తెచ్చింది. ఆ గింజలనుండి అలెగ్జాండర్ ఆలిసన్ అనే తోటమాలి పెంచిన తీగలు 1910లో కాయలు కాచినవి. ఇక్కడ ఒక విశేషం చెప్పుకోవాలి. కివీలో మగ తీగ వేరు, ఆడ తీగ వేరు. ఇంచుమించు ఆ కాలంలోనే బ్రిటన్‌కు, అమెరికాకు కూడ చైనానుండి ఈ మొక్కలు చేరినవి. కాని అక్కడ ఎదిగినవన్నీ మగ తీగలే కావటంవల్ల పూత పూసినా కాయ పట్టలేదు. గుప్పెడు గింజలలో ఆడ, మగ తీగలు రెండూ మొలకెత్తటం వాంగనూయికి కలిసివచ్చిన అదృష్టం.

తరువాత ఆక్లాండ్ ప్రాంతానికి చెందిన హేవార్డ్ రైట్ పెద్ద కాయలు కాచే రకాన్ని ఎంపిక చేసినాడు. నేటికీ మనకు దొరికే ఆకుపచ్చ కివీలలో ఎక్కువ భాగం ‘హేవార్డ్’ రకమే. అంతవరకు ఇంగ్లీషువారు దీనిని ‘చైనా గూస్‌బెర్రీ’ అని పిలిచేవారు. 1959లో ఆక్లాండ్ ఎగుమతి వ్యాపారులు అమెరికా విపణిలో ఆకర్షణీయంగా ఉండాలని కొత్త పేరు వెదికినారు. ఎగరలేని, నూగు వంటి ఈకలు గల తమ దేశపు పక్షి పేరునే పండుకు పెట్టినారు. ఆ విధంగా చైనా పండు న్యూజిలాండ్ పక్షి పేరుతో లోకానికి పరిచయమయింది. నేడు ప్రపంచంలో పండే కివీలో సగానికి పైగా చైనాలోనే పండుతున్నదనే సంగతి చాలమందికి తెలియదు.

మన దేశంలో 1960లో బెంగుళూరు లాల్‌బాగ్ తోటలో దీనిని నాటి చూసినారు. ఫలితం దక్కలేదు. ఈ తీగ శీతకాలంలో ఆకులు రాల్చి, కొన్ని వందల గంటలపాటు ఏడు డిగ్రీల సెల్సియస్‌కంటె తక్కువ చలిలో విశ్రాంతి తీసుకొంటేనే వసంతంలో పూస్తుంది. 1963లో సిమ్లాకు తీసుకువెళ్ళి నాటిన తీగలు ఆ చలివల్లనే ఫలించినవి. నేడు అరుణాచల్ ప్రదేశ్‌లోని జీరో లోయ కివీ సాగుకు పేరుపొందినది. మన కోస్తా మైదానాలలో, తెలంగాణ పీఠభూమిలో ఆ చలి లేదు గనుక మనకు చేరే ప్రతి కివీ దూరప్రాంతంనుండి శీతల గిడ్డంగులలో ప్రయాణించి రావలసినదే. దాని ధర అధికంగా ఉండటానికి ముఖ్యకారణం ఇదే. ధర ఎక్కువైనంత మాత్రాన పోషక విలువ కూడ అదే నిష్పత్తిలో ఎక్కువగా ఉంటుందని భావించరాదు.

ఇక పోషకాల విషయం. వంద గ్రాముల ఆకుపచ్చ కివీ గుజ్జులో 83 గ్రాముల నీరు, సుమారు 15 గ్రాముల పిండిపదార్థాలు, 3 గ్రాముల పీచు, ఒక గ్రాము మాంసకృత్తులు ఉంటాయి. కొవ్వు అర గ్రాముకు మించదు. దీనినుండి లభించే శక్తి సుమారు 60 కిలోకేలరీలు మాత్రమే. పొటాషియం 300 మిల్లీగ్రాములకు పైగా ఉన్నది. విటమిన్-కె 40 మైక్రోగ్రాములు, ఫోలేటు 25 మైక్రోగ్రాములు, కొద్దిగా విటమిన్-ఇ లభిస్తాయి. ఫోలేటు మాట వచ్చినప్పుడు తెలుగువారు ఒక పేరును స్మరించటం సహజం. భీమవరంలో జన్మించి అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలు సాగించిన యల్లాప్రగడ సుబ్బారావు బృందమే ఫోలిక్ ఆమ్లాన్ని 1945 నాటికి కృత్రిమంగా తయారుచేసి, ఒక రకం రక్తహీనతకు మందును అందించింది. అయితే కివీలోని ఫోలేటు పరిమాణం చెప్పుకోదగినంత పెద్దది కాదు. పాలకూర, పెసలు, శనగలు మనకు ఇంతకంటె ఎక్కువే ఇస్తాయి.

కివీ పండు నిజమైన సంపద విటమిన్-సి. వంద గ్రాముల ఆకుపచ్చ రకంలో సుమారు 90 మిల్లీగ్రాములు, పసుపుపచ్చ గుజ్జు గల రకంలో సుమారు 160 మిల్లీగ్రాములు ఉంటుంది. నారింజలో అది 50 మిల్లీగ్రాముల ప్రాంతంలో ఉంటుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం వయోజనుడైన పురుషునికి రోజుకు 80, స్త్రీకి 65 మిల్లీగ్రాముల విటమిన్-సి కావాలి. అంటే ఒక పెద్ద కివీ పండు ఆ రోజు అవసరాన్ని దాదాపుగా తీర్చగలదు. వేడికి, నీటికి సులభంగా నశించే ఈ విటమిన్, పచ్చిగా తినే పండులో చెక్కుచెదరకుండా అందుతుంది. పైగా కివీలోని ఆమ్లగుణం నిలువలో కూడ దీనిని చాలవరకు కాపాడుతుంది.

ఇంతకూ విటమిన్-సి మనకెందుకు? మేక, కుక్క వంటి జంతువులు తమ శరీరంలోనే దీనిని తయారుచేసుకొంటాయి. మానవునిలో ఆ పనిచేసే ఎంజైముకు సంబంధించిన జన్యువు పరిణామక్రమంలో చెడిపోయింది. కోతులది కూడ మన దుస్థితియే. కనుక మనం దీనిని ఆహారంద్వారా పొందవలసినదే. చర్మం, చిగుళ్ళు, రక్తనాళాలు, ఎముకలు గట్టిగా నిలవటానికి కొల్లాజెన్ అనే మాంసకృత్తి ఆధారం. విటమిన్-సి లేనిదే ఆ కొల్లాజెన్ సరిగా ఏర్పడదు. పూర్వం నెలల తరబడి సముద్రయానం చేసే నావికులు చిగుళ్ళనుండి రక్తం కారి, పాత గాయాలు తిరిగి తెరుచుకొని, స్కర్వీ వ్యాధితో మరణించేవారు. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు పన్నెండుమంది రోగులను ఇద్దరిద్దరుగా విభజించి ఆరు రకాల చికిత్సలు చేసినాడు. నారింజ, నిమ్మపండ్లు తిన్న ఇద్దరే త్వరగా కోలుకొన్నారు. పండ్లలోని ఆ గుణం ఏ పదార్థానిదో తేలటానికి మరి రెండు శతాబ్దాలు పట్టినది. విటమిన్-సికి సంబంధించిన పరిశోధనలకు గుర్తింపుగా హంగరీ శాస్త్రవేత్త ఆల్బర్ట్ సెంట్ జార్జికి 1937లో నోబెల్ బహుమతి లభించింది.

మన దేశ పరిస్థితులలో విటమిన్-సి చేసే మరొక మేలు ఇంకా ముఖ్యమైనది. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పదిహేను నుండి నలభైతొమ్మిది ఏళ్ళ భారతీయ స్త్రీలలో 57 శాతం, పదిహేను నుండి పందొమ్మిదేళ్ళ బాలికలలో 59 శాతం రక్తహీనతతో ఉన్నారు. అంటే ఈ పాఠం చదువుతున్న ఒక తరగతి గదిలో సగంమంది బాలికలకు ఈ లోపం ఉండే అవకాశం ఉన్నది. మెట్లెక్కితే ఆయాసం, పుస్తకం తెరిస్తే నిస్సత్తువ, కారణం లేని విసుగు: వీటిని సోమరితనమని పెద్దలు మందలించటం కూడ కద్దు. మనం తినే పప్పులు, ఆకుకూరలు, రాగులలో ఇనుము లేకపోలేదు. కాని శాకాహారంలోని ఇనుము ప్రేగులలో సులభంగా ఇంకదు. అదే భోజనంతో విటమిన్-సి ఉన్న పదార్థం తీసుకొంటే ఇనుము కరిగే రూపంలోకి మారి ఎక్కువగా రక్తంలోకి చేరుతుంది. న్యూజిలాండులో ఇనుము నిల్వలు తక్కువగా ఉన్న యువతులకు ఇనుము కలిపిన అల్పాహారాన్ని, ఒక వర్గానికి పసుపుపచ్చ కివీతోను, మరొక వర్గానికి అరటిపండుతోను పదహారు వారాలు ఇచ్చి చూసినారు. ఆహారంలోని ఇనుము ఒకటే అయినా, కివీ తిన్నవారిలో నిల్వలు స్పష్టంగా పెరిగినవి. అరటి తిన్నవారిలో పెద్దగా మార్పు రాలేదు. 2011లో ప్రచురితమైన ఈ పరిశోధన కివీ పండు గొప్పతనాన్ని ఎంత తెలుపుతున్నదో, భోజనంలో ఏ పదార్థం పక్కన ఏ పదార్థం ఉండాలన్న విషయాన్ని కూడ అంతే తెలుపుతున్నది. పప్పులో నిమ్మరసం పిండుకొన్నా, భోజనానంతరం జామపండు తిన్నా విటమిన్-సి అదే పని చేస్తుంది. దీనికి విరుద్ధంగా, అన్నం తిన్న వెంటనే త్రాగే టీ, కాఫీలు ఇనుమును ఇంకనీయవు. మన వసతిగృహాలలో ఈ రెండవ అలవాటే ఎక్కువ.

కివీ పండువలన కలిగే మేళ్ళలో పరిశోధనల బలం ఎక్కువగా ఉన్నది మలబద్ధక నివారణ విషయంలో. దీనిలోని పీచు నీటిని పీల్చుకొని బాగా ఉబ్బుతుంది. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ పరిశోధకులు ఎం.ఆర్.ఐ. యంత్రంతో పరీక్షించి, కివీ తిన్నవారి ప్రేగులలో నీటి పరిమాణం పెరగటాన్ని 2019లో నిరూపించినారు. న్యూజిలాండ్, ఇటలీ, జపాన్ దేశాలలో 184 మందిపై జరిగిన మరొక అధ్యయనం 2023లో వెలువడినది. రోజుకు రెండు ఆకుపచ్చ కివీలు తినటాన్ని, మనకు ఇసబ్‌గోల్‌గా తెలిసిన పొట్టును తీసుకోవటంతో దానిలో పోల్చి చూసినారు. మలబద్ధకం గలవారిలో కివీ మంచి ఫలితాన్ని ఇచ్చింది. ఈ అధ్యయనానికి ఖర్చు భరించినది కివీ పండ్లను విక్రయించే సంస్థయే. అంతమాత్రాన ఫలితం అబద్ధమని చెప్పరాదు. అయినా శాస్త్ర విషయాలు చదివే విద్యార్థి ‘ఈ పరిశోధనకు డబ్బు ఎవరిచ్చినారు?’ అని ప్రశ్నించటం అలవాటు చేసుకోవాలి.

కివీలో ‘ఆక్టినిడిన్’ అనే ఎంజైము ఉన్నది. ఇది మాంసకృత్తులను చిన్న భాగాలుగా విడగొడుతుంది. ముదురు మాంసం మెత్తబడటానికి మన ఇళ్ళలో పచ్చి బొప్పాయి ముక్క వేస్తారు గదా! బొప్పాయిలోని పపైన్, కివీలోని ఆక్టినిడిన్ ఒక్క కుటుంబానికి చెందినవే. కివీ ముక్కలు వేసి ఉంచిన పాలు, పెరుగు కొంతసేపటికి చేదెక్కటానికి, జిలాటిన్‌తో చేసే జెల్లీ గట్టిపడకపోవటానికి ఈ ఎంజైమే కారణం. కివీని పాలతో కలిపి పానీయంగా చేసుకొనేవారు వెంటనే త్రాగటం మంచిది.

నిద్ర పట్టనివారికి కివీ మంచిదనే మాట కూడ ప్రచారంలో ఉన్నది. తైవాన్‌లో ఇరవైనలుగురు వ్యక్తులు నిద్రకు గంట ముందు రెండేసి పండ్లు నాలుగు వారాలపాటు తిని, నిద్ర మెరుగుపడినట్లు తెలిపినారు. కాని పోల్చి చూడటానికి పండు తినని మరొక వర్గం ఆ పరిశోధనలో లేదు. కనుక దీనిని సూచనగా గ్రహించవచ్చునే గాని సిద్ధాంతంగా స్వీకరించలేము.

అందరికీ ఈ పండు సరిపడుతుందని కూడ చెప్పలేము. ‘కందకు లేని దురద కత్తిపీటకెందుకు’ అని మన సామెత. ఆ కంద దురదకు కారణమైన సూది మొన వంటి ఆక్సలేట్ స్ఫటికాలు కివీలో కూడ కొద్దిగా ఉన్నాయి. అందువల్ల కొందరికి నాలుక చురచురమనటం మామూలే. కాని పెదవులు వాయటం, గొంతు బిగుసుకొనటం, ఒంటిమీద దద్దుర్లు లేవటం అనేవి ఎలర్జీ లక్షణాలు. రబ్బరు చేతితొడుగులు సరిపడనివారిలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. ఇట్టివారు దీనిని పూర్తిగా మానివేసి వైద్యుని సంప్రదించాలి. మూత్రపిండాల వ్యాధితో పొటాషియం తగ్గించుకోవలసినవారు, రక్తం గడ్డకట్టకుండ వార్ఫరిన్ మాత్రలు వాడుతున్నవారు కూడ వైద్యుని అడిగిన తరువాతనే తినాలి.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన అపోహను గురించి చెప్పవలసి ఉన్నది. వానలు కురిసి డెంగీ జ్వరాలు వ్యాపించే రోజులలో ఆసుపత్రుల ఎదుటి బండ్లమీద కివీ ధర ఒక్కసారిగా పెరుగుతుంది. ఈ పండు తింటే రక్తంలోని ప్లేట్‌లెట్లు పెరుగుతాయనే నమ్మకం దీనికి కారణం. కూలిపని చేసుకొనే కుటుంబాలు సైతం అప్పుచేసి కొంటున్నాయి. డెంగీ రోగిలో ప్లేట్‌లెట్లు కొద్దిరోజులు తగ్గి, వ్యాధి దశ దాటిన పిదప వాటంతట అవే పెరుగుతాయి. ఆ సమయానికి రోగి కివీ తింటూ ఉంటే ఘనత పండుకు దక్కుతుంది. కొబ్బరినీళ్ళు త్రాగుతూ ఉంటే వాటికి దక్కుతుంది. కివీ ప్లేట్‌లెట్లను పెంచుతుందని నమ్మదగిన వైద్య పరిశోధన ఏదీ నిరూపించలేదు. డెంగీలో అసలు ప్రమాదం, రక్తనాళాలనుండి ద్రవం బయటికి ఊరి రక్తపోటు పడిపోవటం. జ్వరం తగ్గినదని ఇంటివారు ఊపిరి పీల్చుకొనే రోజులలోనే ఈ దశ రావటం దీనిలోని మోసం. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళనుండి గాని ముక్కునుండి గాని రక్తం, మగత, అశాంతి: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి చేర్చాలి. ద్రవాలను తగినంతగా, వైద్యుని పర్యవేక్షణలో అందించటమే ప్రాణాన్ని కాపాడే చికిత్స. జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఇబుప్రోఫెన్ వంటి మాత్రలు వాడరాదు; అవి రక్తస్రావాన్ని పెంచుతాయి. రోగికి రుచిస్తే కివీ తినిపించటంలో తప్పులేదు. కాని ఆసుపత్రికి వెళ్ళటానికి బండి కిరాయి లేకుండా చేసుకొని పండ్లు కొనటం ఏ విధంగాను సమర్థనీయం కాదు.

కివీ కొనలేనివారు దిగులు చెందవలసిన పని లేదని కూడ ఇక్కడ స్పష్టం చేయాలి. వంద గ్రాముల జామపండులో 200 మిల్లీగ్రాములకు పైగా విటమిన్-సి ఉన్నది. అంటే ఆకుపచ్చ కివీలోని దానికి రెండింతలకు మించినది. పీచు కూడ జామలోనే అధికం. ఉసిరికాయ విటమిన్-సిలో జామను కూడ మించినది. పెరటి చెట్టున కాచిన జామకాయను పిల్లలకు విడిచిపెట్టి, దూరదేశపు పండును గాజుపలకల వెనుక చూసి మనం మురిసిపోతున్నాము. కాని మలబద్ధకం విషయంలో కివీకి ఉన్నన్ని పరిశోధనలు జామకు లేవు. పోషకాల పట్టికలో మాత్రం మన జామ దేనికీ తీసిపోదు. జాతీయ పోషకాహార సంస్థ రోజుకు వంద గ్రాముల పండ్లు తినమని సూచించింది. అది ఏ పండు అన్నది ఋతువును, సంతను, జేబును బట్టి నిర్ణయించుకోవలసిన విషయం.

కివీ కొనదలచినవారు బొటనవ్రేలితో మెల్లగా నొక్కి చూడాలి. కొద్దిగా లొంగితే తినటానికి సిద్ధంగా ఉన్నట్లు. రాయివలె గట్టిగా ఉన్నదానిలో పిండిపదార్థం ఇంకా చక్కెరగా మారలేదు గనుక పుల్లగా ఉంటుంది. అట్టి కాయలను పండిన అరటిపండ్లతోపాటు కాగితపు సంచిలో ఉంచితే, అరటినుండి వెలువడే ఇథిలీన్ వాయువువల్ల కొద్దిరోజులలో మెత్తబడతాయి. పండిన తరువాత రిఫ్రిజిరేటర్‌లో పెట్టుకోవచ్చు. అడ్డంగా రెండు చెక్కలుగా కోసి చెంచాతో గుజ్జు తీసుకొని తినటం సులభమైన పద్ధతి. నూగును బాగా రుద్ది కడిగితే తొక్కతో సహా తినవచ్చు. అప్పుడు పీచు మరింత లభిస్తుంది. వండటం, రసం తీసి వడకట్టటం మాత్రం తగదు. వండితే విటమిన్-సి, వడకడితే పీచు చాలవరకు నష్టమవుతాయి.